ఎవరి తరము?

మొన్న ఆదివారం పాత ట్రంకుపెట్టె సర్దుతుండగా నాన్నగారి లెక్కల పుస్తకం చేతికి తగిలింది. పాల లెక్క, కిరాణా లెక్క అనుకొనేరు. అది లోకాంతానికి కట్టిన లెక్క. అరవై పుటల రూళ్ళ నోటుపుస్తకం నిండా కూడికలు, తీసివేతలు, వాటి పక్కన ఎర్రసిరాతో దానియేలు, మత్తయి, ప్రకటన గ్రంథాల అధ్యాయ వచన సంఖ్యలు.

నాన్నగారు నల్లగొండ జిల్లాలో మిషను బడి ఉపాధ్యాయులు. ప్రభువు రాకడ తన జీవితకాలంలోనే జరుగుతుందని ఆయన దృఢవిశ్వాసం. సెలవుల్లో హైదరాబాదు వచ్చి, గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోనులో భక్తసింగ్ గారి సమావేశాలకు హాజరయ్యేవారు. అక్కడ ఆయన విన్నది సిద్ధంగా ఉండమన్న మాటే. తేదీ మాత్రం ఆయన సొంత సేద్యం.

1979 జూలైలో స్కైలాబ్ పడుతుందని ఊళ్ళన్నీ అట్టుడికిపోయాయి. చచ్చేలోపు తినాలని కోళ్ళనూ మేకలనూ కోసుకొన్నారు. నాన్నగారు మాత్రం నిశ్చింతగా బడికి వెళ్ళి ఎక్కాలు చెప్పి వచ్చారు. తన లెక్కలో లేని ప్రళయాన్ని ఆయన గుర్తించేవారు కారు!

ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు ఎనిమిదవ అధ్యాయంలోని 2300 దినాలను తీసుకొని, యెహెజ్కేలును అనుసరించి దినమొక సంవత్సరమని లెక్కించాడు. యెరూషలేము పునర్నిర్మాణానికి పారసీక రాజు ఆజ్ఞ ఇచ్చిన క్రీ.పూ. 457 నుండి మొదలుపెట్టి 1843 అని తేల్చాడు. అది దాటిపోయాక తెలిసింది, క్రీ.పూ. 1 తరువాత నేరుగా క్రీ.శ. 1 వస్తుందని, నడుమ సున్న సంవత్సరం లేదని. ఆయన అనుచరులు లెక్కను సవరించి 1844 అక్టోబరు 22 అన్నారు. వేలమంది ఆ రాత్రంతా ఎదురుచూశారు, తెల్లవారింది. ఆ నిరాశలో నుంచే అడ్వెంటిస్టులు పుట్టారు, మన నూజివీడులో వారి ఆసుపత్రి కూడా ఉంది. తరువాత యెహోవాసాక్షులకు మూలపురుషుడైన రస్సెల్ కూడా 1914కు కట్టిన లెక్కలో ఆ సున్న దగ్గరే తడబడ్డాడు. సున్నను లోకానికిచ్చిన దేశంలో పుట్టినవాణ్ణి గనుక ఇది చదివినప్పుడల్లా నాకు చిరునవ్వు ఆగదు.

నాన్నగారి లెక్క ఇంతకంటె సరళం. మత్తయి ఇరువది నాలుగవ అధ్యాయంలో అంజూరపు చెట్టు ఉపమానముంది. అది చిగిర్చితే వసంతం సమీపించినట్టు. ఆ చెట్టు ఇశ్రాయేలు, చిగిర్చడమంటే 1948లో ఆ రాజ్యం ఏర్పడడం. ఇవన్నీ జరిగేవరకు ఈ తరము గతింపదని ఆ వెంటనే ప్రభువు మాట. ఇక తరానికి ఎన్నేళ్ళో తేలితే చాలు. ఆ రోజుల్లో అమెరికాలోనూ ఇదే లెక్క జోరుగా సాగుతోందని, విజ్నాంట్ అనే పూర్వ నాసా ఇంజనీరు 1988 సెప్టెంబరుకు ఎనభై ఎనిమిది కారణాలు చూపిన పుస్తకం లక్షల ప్రతులు పోయిందని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

పుస్తకం నడుమ ఒక పుట దగ్గర నా చేయి ఆగిపోయింది. “13-2-1987. పండితుని అభిప్రాయము: తరము = 40.”

ఆ పండితుణ్ణి నేనే.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. కొత్త పండితుణ్ణి, శబ్దరత్నాకరం చంకలో ఉంటే ఎవరికైనా అర్థం చెప్పగలనన్న ధీమా. నాన్నగారు కార్డు రాసి అడిగారు. లోకంలో పాతిక ముప్పై అంటారు గాని అరణ్యవాసాన్ని బట్టి నలభై అనుకోవచ్చునని నేను పోస్టుకార్డు మీద రెండు వాక్యాలు గిలికాను. సందర్భం చూడలేదు. ఎదుట నిలిచి వింటున్న శిష్యులతో “ఈ తరము” అన్నాడాయన. మామూలుగా చదివేవాడికి ఆ శ్రోతల తరమే కదా! యెరూషలేము దేవాలయం రోమన్ల చేతిలో కూలింది క్రీ.శ. 70లో, అంటే ఇంచుమించు నలభై ఏళ్ళకే. ఆ లెక్క అప్పుడే చెల్లిపోయిందని చదివే వ్యాఖ్యాతలు ఎందరో ఉన్నారు. పైగా రెండే వచనాల తరువాత, ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని ఉంది. తెలుగులో “తరము” అంటే శక్యమని కూడా అర్థం. అది ఎవరి తరము నాన్నగారూ, అని ఒక్క వాక్యం రాసి ఉండవలసింది.

(“యుగసమాప్తి” అన్న మాటా అంతే. తెలుగు చెవికి యుగమంటే ఒకటి పోయి మరొకటి వచ్చేది. కలియుగమే 4,32,000 ఏళ్ళు, అందులో ఐదువేల చిల్లర మాత్రమే గడిచాయి. మూలంలో ఆ తీరుబడి లేదు.)

తరువాతి పుటలో మరొక లెక్క. అమ్మ తన గాజులమ్మి కొన్న రెండువందల గజాల స్థలం, ఆ ఏడే అమ్మిన ధర. దాని కింద కరపత్రాల అచ్చుఖర్చు, బస్సు చార్జీలు. ఏడాదిన్నరలో లోకమే పోతుంటే స్థలమెందుకని ఆయన అనడం నాకు గుర్తుంది. ఆ “ఏడాదిన్నర” ఎక్కడినుంచి వచ్చిందో మొన్నటిదాకా తెలియదు.

1988 సెప్టెంబరు వచ్చింది, వెళ్ళింది. నాన్నగారు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆపైన నలభైని కొట్టివేసి, తొంభయ్యవ కీర్తనను బట్టి డెబ్భై అని రాసుకొన్నారు: 2018. దాని కింద సన్నగా ఎనభై: 2028. ఆ రెండో అంకెను పట్టుకొని ఇప్పటికీ ఎదురుచూస్తున్నవారు ఉన్నారు.

అద్దె ఇళ్ళలోనే కాలం గడిపి, చివరికి 1994లో ఇద్దరూ అడిక్‌మెట్‌లో నా దగ్గరికి వచ్చారు. 2000లో, సరిగ్గా డెబ్భయ్యో ఏట నాన్నగారు పోయారు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో ఉంచాము. ఆ సెప్టెంబరులో భక్తసింగ్ గారినీ అక్కడికే తెచ్చారు. వీధులు పట్టనంత జనం. ఆ జనంలో నిలబడి నేను నాన్నగారి వైపే చూస్తూండిపోయాను.

అమ్మకిప్పుడు ఎనభై ఏడు. ఈ రెండు గదుల ఫ్లాటులో ఆమె మంచం కిటికీ పక్కనే. ఆ పుట చూపించి చదివి వినిపించాను.

“నువ్వేనా చెప్పింది?” అంది.

అవునన్నాను. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది.

“ఈ ఏడు ఇంటిపన్ను కట్టావా నాయనా?”

ఇంకా కట్టలేదమ్మా, రేపు కడతానన్నాను.