జేబులో కార్ఖానా!

రెండు కొమ్ముల్లా నిలబడ్డ మీతెన్ శిఖరాలు. వాటి కింద పచ్చిక బయళ్లు, మెడలో గంటలతో ఆవులు. స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌ని చూస్తే ఇక్కడ పాలూ వెన్నా తప్ప ఇంకేం తయారవుతాయిలే అనిపిస్తుంది. కానీ ప్రపంచమంతా జేబులో వేసుకు తిరిగే ఎర్ర పిడి చాకు పుట్టిల్లు ఇదే!

1884లో కార్ల్ ఎల్సెనర్ ఇక్కడ కత్తుల కార్ఖానా పెట్టాడు. అప్పట్లో స్విస్ సైనికులకు ఆహారం డబ్బా తెరవడానికీ, కొత్త తుపాకీ విప్పుకోవడానికీ పనికొచ్చే చాకు కావాల్సొచ్చింది. మొదటి విడత జర్మనీలో చేయించారు. 1891 నుంచి ఎల్సెనర్ సరఫరా మొదలెట్టాడు. జర్మన్ పోటీకి దాదాపు దివాలా తీశాడు కూడా. గట్టెక్కించింది 1897 నాటి ఆఫీసర్ చాకు. తర్వాత తల్లి విక్టోరియా పేరుకి స్టెయిన్‌లెస్ స్టీలును సూచించే 'ఇనాక్స్' చేరి, కంపెనీ విక్టోరినాక్స్ అయింది.

పక్కనే సరస్సు ఒడ్డున బ్రున్నెన్. అక్కడి కంపెనీ మ్యూజియంలో పాత చాకులు చూసి దుకాణంలోకి అడుగుపెట్టాక మొదలవుతుంది అసలు తిప్పలు. ఏది కొనాలి?

33 పనులు చేసే స్విస్ చాంప్ ఊరిస్తుంది. కానీ 185 గ్రాముల బరువు. ప్యాంటు జేబులో వేసుకుంటే ఇటుక మోసినట్టే! ఇంటికీ ఆఫీసుకీ అయితే చాకు, కత్తెర, స్క్రూడ్రైవర్ ఉన్న సన్నటి రకం చాలు. మామిడికాయ కోయడం, పార్సిల్ విప్పడం, ప్లగ్గు మర బిగించడం... రోజూ ఉండే పనులు ఇవేగా.

కొండలెక్కేవాళ్లకీ, బైకు మీద దూరాలు పోయేవాళ్లకీ మాత్రం కటింగ్ ప్లేరున్న మల్టీటూలే సరి. ఆ దారి వేసింది అమెరికన్ టిమ్ లెదర్‌మన్. 1975లో పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతుంటే అది మాటిమాటికీ మొరాయించింది. జేబులో చాకైతే ఉంది, ప్లేరు లేదు. ఆ లోటు తీర్చే పనిముట్టు 1983లో గానీ అమ్మకానికి రాలేదు. విక్టోరినాక్స్ కూడా తర్వాత స్విస్‌టూల్ తెచ్చింది. దాదాపు 300 గ్రాములు కాబట్టి బెల్టుకి తగిలించుకోవాల్సిందే.

ముందు చూడాల్సింది లాక్. మామూలు జేబు చాకుల్లో చాలావాటికి అది ఉండదు. మొనతో గట్టిగా పొడిస్తే బ్లేడు మడతపడి వేళ్లమీదకే వస్తుంది. తడి చేతులతో తెరిచి చూడండి. ప్లేరు విప్పకుండానే చాకు బయటికొస్తుందా? స్విస్‌టూల్‌లో వస్తుంది, తొలినాటి లెదర్‌మన్‌లో రాదు. ఇసుకలో, ఉప్పునీళ్లలో వాడితే కడిగి ఆరబెట్టి, కీలులో ఓ చుక్క నూనె వేయాలి. స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన తుప్పు రాదని కాదు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాల్లో చాకులు నిషేధించడంతో విక్టోరినాక్స్ అమ్మకాలు దారుణంగా పడిపోయాయి. అయినా ఇబాఖ్‌లో ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. కొందరిని కొన్నాళ్లు వేరే కంపెనీలకు పనికి పంపారు. బ్రున్నెన్‌లో కొన్న చాకుని తిరుగు ప్రయాణంలో చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో సర్దుకోవాలి.