బలమునకు కొలత

ఇంటిచాకిరి చాలదా, స్త్రీకి వేఱు వ్యాయామమేల యని సైదాబాదులోని మా పొరుగువారందురు. బ్రదుకంతయు చాకిరి చేసిన మా యత్తగారు కడపట ఒకరి చేయూత లేక పీటనుండి లేవలేకపోయిరి. దేహదారుఢ్యమునకు దమ్ము, కండబలము, కండల యోర్పు, కీళ్ల వంపు, కొవ్వు పాలు అని యైదంగములు. చాకిరి వీనినన్నిటిని సమముగా పెంపదు.

కొవ్వునకు నడుము కొలత గుర్తు. మనదేశపు స్త్రీకి 80 సెంటీమీటర్లు మించరాదు. కాళ్ల బలమునకు, గోడకానించిన కుర్చీలో కూర్చుండి, చేతులు ఱొమ్మున కట్టుకొని, 30 సెకనులలో ఎన్నిమారులు పూర్తిగా లేచుదుమో లెక్కింపవలెను. అమెరికా వైద్యుల పట్టికలో 60–64 ఏండ్ల స్త్రీకి 12కు తగ్గినచో బలము కొఱతయే. అఱువదియొకటవ యేట నాకు 10 వచ్చెను. ప్రతిదినము ఆ లేచుటనే సాధన చేయగా మూడు నెలలకు 13 అయ్యెను.

పసిడిని తూచుకొను మనము బలమును తూచుకొనరాదా?