ఎవరికి చెప్పుకోవాలి?

పద్యాలు చెప్పుకునే తెలుగు పంతులికి కంప్యూటరు జబ్బులతో పనేమిటంటారా? పడింది మరి, వినండి.

నిరుడు మా కాలేజీ కుర్రవాడొకడు నా గదికి వచ్చి, "నా పేరు నాది కాదంటోందండీ కంప్యూటరు" అన్నాడు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులో పేరూ, కాలేజీ పద్దులో పేరూ ఒకటి కావట. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు! గడువు పదిరోజులే. వాళ్ల నాన్నది తాపీపని. ఈ డబ్బు రాకపోతే చదువు ఆగినట్టే.

"ఆఫీసులో అడుగు" అని పంపేశాను. ఆఫీసులో, "ప్రోగ్రాం రాసినవాళ్లని అడగా"లన్నారు. కుర్రవాడు మళ్లీ నా దగ్గరకే వచ్చాడు. సరేనని నేనే వాళ్లకి రాశాను. ఫారాలు చూసే ఆయన అచ్చు చూసే ఆయనకి పంపాడు, ఆయన పద్దులు చూసే ఆయనకి, ఆయన తిరిగి మొదటాయనకి! అందరూ మర్యాదస్తులే. ఆరురోజులు మర్యాదగా గడిచిపోయాయి.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోనులో మొరపెట్టుకున్నాను. వాడు నవ్వాడు.

"తప్పు దిద్దడం సరే మామయ్యా, దిద్దగలవాణ్ణి పట్టుకోవడమే కష్టం. ఎక్లిప్స్, మొజిల్లా ఫిర్యాదులను పరిశీలించి 2009లో లెక్క తేల్చారు: నూటికి 37 నుంచి 44 దాకా ఒక్కసారైనా చేతులు మారినవేనట. అంతకుముందే, 2006లో, కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్లు పాత ఫిర్యాదులు ఎవరెవరు దిద్దారో యంత్రానికి నేర్పి, కొత్తది రాగానే ఫలానావారికి ఇవ్వమని దానిచేత చెప్పించారు. ఎక్లిప్స్‌లో నూటికి 57, ఫైర్‌ఫాక్స్‌లో 64 సూచనలు సరిపోయాయి."

"నా దగ్గర యంత్రం లేదే!"

"కిటుకు ఉందిగా! ఇది ఎవరి శాఖ అని అడక్కు. ఇలాంటిది ఇదివరకు ఎవరు బాగుచేశారని అడుగు."

అలాగే రాశాను. మర్నాడు ఒకమ్మాయి ఫోను చేసింది. కిందటేడు తెలుగు పేర్ల చిక్కు ఒకటి విప్పింది తనేనట.

"పేరు చివర పొల్లు ఉందాండీ?" అని అడిగింది.

ఉంది. ఆ పేరు 'కుమార్'తో ముగుస్తుంది.

పొల్లు తర్వాతి అక్షరం కిందికి వత్తుగా జారిపోకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటుందిట. 'రాజ్‌కుమార్' వంటి మాట నడుమ అది ఉండాలి, చివర అక్కర్లేదు. ఒక పద్దులో చివర కూడా పడింది. మన కంటికి ఆనదు గాని, కంప్యూటరుకి అదీ ఒక అక్షరమే! ఆ అమ్మాయి గంటలో సరిచేసింది. ఇంకా రెండురోజుల గడువుండగానే దరఖాస్తు వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న పొల్లు గురించి. ఇరవయ్యేళ్లుగా పిల్లలకి పొల్లూ వత్తూ చెబుతున్నది నేను. అయినా వాణ్ణి మొట్టమొదట ఇంకొకరి దగ్గరికి తోలింది కూడా నేనే.

ఇప్పుడు ఎవరైనా ఏదైనా చిక్కుతో వస్తే, "ఆఫీసులో అడుగు" అనబోయి, "ముందు కూర్చో" అంటున్నాను.