గోడమీది అట్టలో ఒత్తు తప్పినప్పుడు



2017లో ఒక ఉదయము రెండవ తరగతి పిల్ల ఒకతె పలక తెచ్చి నా ముందు పెట్టినది. దానిమీద "అమ్‌మ" అని వ్రాసి ఉన్నది. మకారమునకు పొల్లు, ప్రక్కనే మరొక మకారము. ఒత్తు లేదు. దిద్దుటకు బలపము చేతిలోకి తీసుకొన్నాను. ఆ పిల్ల ఏమీ మాటలాడక గోడ వైపు వ్రేలు చూపినది. నేనే తగిలించిన అట్టమీద కూడ అట్లే ఉన్నది.

హోసూరు ప్రాంతములో పనిచేయు మాకు ఈ తప్పు ఎంత లోతైనదో వెంటనే తెలియును. తమిళములో అమ్మ అని వ్రాయవలెనన్న మకారముపై చుక్క పెట్టి, ప్రక్కన మరల మకారమే వ్రాయుదురు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మా పిల్లలు ఒకటవ తరగతి నుండే తమిళము నేర్చుకొనుచున్నారు. అది మంచిదే, నాకు దానిపై ఫిర్యాదు లేదు. కాని రెండు లిపులను ఒకేసారి పట్టుకొన్న పిల్లకు "అమ్‌మ" తప్పుగా తోచదు. చుక్కకు బదులు పొల్లు వచ్చినది, అంతే అనుకొనును. తెలుగు లిపికి ప్రాణమువంటి ఒత్తును మా అట్టయే ఆ పిల్ల చేతినుండి లాగివేసినది.

ఆ అట్టల కథ కొంత చెప్పవలెను. 2014లో నా పూర్వ విద్యార్థి ఒకడు, బెంగళూరులో బొమ్మల రూపకల్పన పనిలో ఉన్నవాడు, సెలవులకు వచ్చి మా గోడలు చూచినాడు. "అయ్యవారూ, ఈ పటాలు నేను చదివిననాటివే కదా!" అన్నాడు. ఆ వేసవిలో ఇద్దరము కూర్చుండి అక్షరముల అట్టలు, గుణింతపు పటములు, ఒత్తుల పట్టిక, చేతివ్రాత పత్రములు సిద్ధము చేసితిమి. ఇంక్‌స్కేప్ అను ఉచిత సాధనములో గీసి, ఎవరైనను పంచుకొని మార్చుకొనదగిన ఫాంట్లను వాడితిమి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ అను పేర్లతో ఫాంట్లు దొరకుట చూచి నాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. కోలారు, బళ్ళారి, బరంపురములలోని మిత్రులు అడిగిరి, పంపితిమి. అందరికీ స్వేచ్ఛ ఇచ్చితిమి. ఆ స్వేచ్ఛను కనిపెట్టి చూచువాడు ఒకడుండవలెనని మాత్రము మాకు తోచలేదు.

తప్పు ఎక్కడ జరిగినదో వెదకగా వారమునకు తెలిసినది. ఒక మిత్రుడు ఆ అట్టను వేరొక బొమ్మల సాధనములో తెరచి, తల్లి బొమ్మ మాత్రము మార్చి, అచ్చుకు ఇచ్చి, దానినే మరల అందరికి పంపినాడు. ఆయన అక్షరమును ముట్టుకొనలేదు. ముట్టుకొనకుండనే అది చెడినది. దీని కారణము ఉపాధ్యాయులందరూ తెలిసికొనదగినది. యూనికోడ్‌లో "అమ్మ" అన్నమాట అ, మ, పొల్లు, మ అను వరుసలో దాగియుండును. ఒత్తు అనునది అందు విడిగా ఉండదు. పొల్లు తరువాతి హల్లును ఒత్తుగా మార్చి క్రింద అమర్చు పని సాధనమును ఫాంటును కలిసి చేయవలెను. ఆ పని చేతకాని సాధనము లోపలి వరుసను ఉన్నదున్నట్లు పరచివేయును. అనగా మన వ్యాకరణములో ద్విత్వము, సంయుక్తము అని చెప్పుకొనునది కంప్యూటరులో ప్రతిసారి క్రొత్తగా జరుగవలసిన సంధి కార్యము.

అప్పటినుండి కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకొన్నాము. ప్రతి అట్టకు రెండు రూపములు. ఒకటి మూలము. అందు అక్షరములు అక్షరములుగానే ఉండును, దిద్దవచ్చును. అది ఒకే చోట, ఒకే పర్యవేక్షకుని వద్ద ఉండును. రెండవది పంపకపు ప్రతి. అందు అక్షరములను గీతలుగా మార్చివేయుదుము. ఫాంటు లేని కంప్యూటరులోనైనను, ఫోనులోనైనను ఆకారము చెదరదు, పొరపాటున ఎవరును మార్చలేరు. మూలములో అక్షరము ఒక పొర, బొమ్మ ఒక పొర. బొమ్మ ఎవరి ఊరికి తగినట్లు వారు మార్చుకొనవచ్చును. యానాం పిల్లవానికి పడవ దగ్గర, మా పిల్లలకు రాగి సంగటి దగ్గర. ఈ విషయములో నేను మొదట మొండిగా ఉంటిని, అందరికి ఒకే బొమ్మ ఉండవలెనని వాదించితిని. నా వాదము తప్పని బరంపురపు మిత్రురాలు ఒక్క ఉత్తరముతో ఒప్పించినారు. అక్షరపు పొర మాత్రము తాళము వేసి ఉండును.

క్రొత్త యంత్రమేదైనను ముందు ఒక పరీక్ష పత్రము తెరచి చూడవలెను. అందు అమ్మ, లక్ష్మి, స్త్రీ, జ్ఞానము, రాష్ట్రము, రాజ్‌కుమార్ అను మాటలుండును. "రాష్ట్రము"లో ఒత్తుల అడుగు తెగినచో పంక్తుల నడుమ ఎడము చాలలేదన్నమాట. ఇంగ్లీషు కొలతతో గీసిన పంక్తులలో తెలుగు ఇమడదు. పైన గుడి, క్రింద ఒత్తు, రెంటికిని చోటు కావలెను. ఇక "రాజ్‌కుమార్" చివరిదైనను చిన్నది కాదు. అక్కడ జకారపు పొల్లు నిలువవలెను, ఒత్తు రాకూడదు. అందులకు పొల్లు తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి వేయవలెను. అది జారిపోయినచో "రాజ్కుమార్" అగును. ఒకచోట ఒత్తు రావలెను, మరొకచోట రాకూడదు. ఈ రెంటిని పరీక్షింపని పత్రము పరీక్ష పత్రము కాదు.

ఫైళ్ళ పేర్లు తెలుగులో పెట్టవలెనని నాకెంతో కోరిక. కాని కట్ట కట్టి పంపినపుడు కొన్ని యంత్రములలో పేర్లన్నియు చెదరి ప్రశ్నార్థకములైనవి. చివరకు అంకెలతోను రోమన్ అక్షరములతోను సరిపెట్టుకొన్నాను. ఇది నాకు ఇష్టములేని రాజీ.

ఒక తల్లి అడిగినారు: "అయ్యవారూ, వీటిని ఎవరైనా అచ్చు వేసి అమ్ముకుంటే ఊరుకుంటారా?" ఊరుకొందును. మేము ఎంచుకొన్న షరతులు అమ్మకమును అడ్డవు. చేసినవారి పేర్లు ఉంచవలెను, మార్చినది ఏదో చెప్పవలెను, మార్చినదానిని కూడ అవే షరతులతో ఇతరులకు విడువవలెను. ఫాంట్ల షరతులు వేరు. వాటిని ఫాంట్లుగానే విడిగా అమ్మరాదు, మార్చినచో కర్త తనకై ఉంచుకొన్న పేరును వాడరాదు. ఈ రెండు పత్రములును ప్రతి కట్టలో ఉండును. చదువువారు అరుదు, అయినను ఉండవలెను.

అన్నిటికంటె కష్టమైనది దిద్దుట కాదు, పాతదానిని వెనుకకు తెచ్చుకొనుట. మూలములో "అమ్మ"ను ఒక సాయంత్రములో దిద్దితిని. కాని పాత ప్రతి వాట్సాప్‌లో తిరుగుచునే ఉన్నది. రెండేండ్ల తరువాత, 2019లో, వేరొక ఊరి బడికి వెళ్ళినపుడు అదే "అమ్‌మ" రంగుల చట్రములో గోడమీద నన్ను పలుకరించినది. అక్కడి ఉపాధ్యాయురాలు ఎంతో ప్రేమతో సొంత డబ్బుతో దానికి పటము కట్టించినారు. ఆమెతో ఎట్లు చెప్పవలెనో తెలియక కాఫీ త్రాగి వచ్చివేసితిని. మరునాడు ఫోను చేసి చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. "పిల్లలకు నేనే చెబుతానండీ, తప్పు ఎక్కడుందో వాళ్ళ చేతనే కనిపెట్టిస్తాను" అన్నారు.

అందుచేత ఇపుడు ప్రతి అట్టకు క్రింద కుడిమూలన ఒక అంకె ఉండును, ఎన్నవ దిద్దుబాటో తెలుపుటకు. నా విద్యార్థికి సంసారము, ఉద్యోగము పెరిగినవి. ఏడాదికి రెండుసార్లు మాత్రము కూర్చుండగలుగుచున్నాడు. నాకును ఉద్యోగ విరమణ ఎంతో దూరములో లేదు. మూలములను దాచిన చోటు, తాళపు మాటలు, ఇంకను దిద్దవలసిన తప్పుల చిట్టా అన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాసి ఉంచుచున్నాను. ప్రస్తుతము ఆ చిట్టాలో పదునాలుగు తప్పులున్నవి. మొదటిది ఱకారపు అట్ట. దానిని పాఠములో చేర్చవలెనా, వద్దా అని మాలోనే ఏకాభిప్రాయము లేదు.

పుస్తకమును అందుకొనుటకు ఎవరైన సిద్ధముగా ఉన్నచో తెలుపగలరు. కంప్యూటరు వచ్చి ఉండనక్కరలేదు, నేర్పుదుము. ఒత్తు తప్పినపుడు కన్ను ఆగవలెను, అది చాలును. ఈలోగా మీ బడి గోడమీది అట్టల కుడిమూల చూడుడు. అంకె లేనిచో అది పాతది. దింపివేయుడు.