పక్క తిప్పే పరిచర్య



ఏళ్ల తరబడి మన గుడిలో ముందు వరుసలో కూర్చొని పాటలు ఎత్తుకున్న ఒక తల్లి పక్షవాతంతో మంచాన పడ్డారు. కొడుకు మణికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లిని అక్కడికి తీసుకెళ్లి, మంచి పరుపు కొని, పగలు చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టాడు. ప్రతి శనివారం వీడియో కాల్‌లో మేము ప్రార్థన చేసేవాళ్లం. తెర మీద ఆమె ముఖం కనబడేది. "బాగానే ఉన్నానయ్యగారూ" అనేవారు. మేము స్తోత్రం చెప్పి ఫోన్ పెట్టేసేవాళ్లం.

ఒక సోమవారం మేమిద్దరం బస్సెక్కి వెళ్లాం. మర్రిచెట్టు దగ్గర దిగి ఇల్లు వెతుక్కున్నాం. గదిలో రూమ్ ఫ్రెషనర్ వాసన, దాని అడుగున ఇంకో వాసన. తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించాం. ఆమేన్ అన్నాక మా ఇంటావిడ "ఒకసారి పక్కకు తిప్పనా అక్కా?" అన్నారు. నడుము కింద ఎముక మీద అరచేయంత పుండు. మధ్యలో నల్లగా ఉంది. కొడుకు గోడకు ఆనుకొని ఏడ్చాడు. "అమ్మ ఎప్పుడూ నొప్పి అనలేదయ్యగారూ!"

ఆమెకు అక్కడ స్పర్శ సరిగా లేదు, ఎలా అంటారు? 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠురోగుల మధ్య సేవ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఈ సంగతే లోకానికి చెప్పారు: నొప్పి తెలియకపోవడమే వారి చేతులకు, కాళ్లకు చేటు. మనం నిద్రలో కూడా ఇబ్బంది అనిపించి దొర్లుతాం. దొర్లలేని వారికి ఎముకకు, పరుపుకు మధ్య చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. వారికి మన చేతులు కావాలి.

అందుకే ఇవి గుర్తుంచుకోండి. సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చండి. ఈడ్చకండి, దుప్పటితో ఇద్దరు కలిసి ఎత్తండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. రోజూ నడుము, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక చూడండి. నొక్కినా పోని ఎరుపు మొదటి గుర్తు. మన చర్మం మీద అది నల్లమచ్చగా, వేడిగా, గట్టిగా తెలియవచ్చు. అక్కడ రుద్దకండి, పసుపు, పౌడరు అద్దకండి. తడి బట్ట వెంటనే మార్చండి. డాక్టరు వద్దనకపోతే గుడ్డు, పప్పు, పాలు పెట్టండి. గాలి పరుపు మంచిదే, కానీ అది ఉన్నా తిప్పవలసిందే. చర్మం చిట్లినా, నల్లబడినా, చీము, వాసన, జ్వరం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.

ఆ తల్లిని ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. చచ్చిన చర్మం తీసేశారు. నెలలు గడిచాయి. పుండు చిన్నదయింది గాని ఇంకా మూసుకోలేదు.

మంచి సమరయుని గురించి మేము ఎన్ని ప్రసంగాలు చేశామో! అతడు దగ్గరకు వెళ్లి గాయం చూశాడు, కట్టు కట్టాడు. మేమైతే ముఖం చూసి, ప్రార్థించి, ఆ యాజకుడిలాగే దాటిపోయాం. ఆ కొడుకును తప్పు పట్టే నోరు మాకు లేదు.

ఇప్పుడు మంచం పట్టిన వారి ఇంటికి వెళితే "ఇందాక ఎప్పుడు తిప్పారమ్మా?" అని ముందు అడుగుతున్నాం. స్త్రీలకు మా ఇంటావిడ, పురుషులకు మేము ఓ చెయ్యి వేస్తాం. ఆ తర్వాతే ప్రార్థన. మీ వీధిలో అలాంటివారు ఉంటే ఈ వారమే వెళ్లండి. ప్రభువు మీ చేతులను దీవించును గాక. ఆమేన్.