మా ఇంటి ఇటుకలు

మా నాన్న మెదక్ పల్లెల్లో సైకిల్ మీద తిరిగే సువార్తికులు. ఆయన ఇంట్లో ఉన్న రోజున ఏదో ఒక మరమ్మతు తప్పదు. మేం అన్నదమ్ములిద్దరం మట్టి తొక్కేవాళ్లం. అమ్మ అలికేది. క్రిస్మస్ ముందు గోడలకు సున్నం వేయడం అక్క పని.

అక్క పెద్దదైంది. తడికల చాటున స్నానానికి ఇబ్బంది పడుతోందని నాన్న బాత్‌రూం కోసం ఇటుకలు కొన్నారు. ఆ వానాకాలం పక్క వాడలో ఒక అవ్వ ఇంటి గోడ కూలింది. మా ఇటుకలన్నీ అక్కడికే పోయాయి. మోసింది మేమే. కోపంతో రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

నాన్న మమ్మల్ని తిట్టలేదు. మెదక్ చర్చి సంగతి చెప్పారు. పోస్నెట్ దొర కరువులో 1914లో మొదలుపెట్టిన ఆ కట్టడం 1924లో పూర్తయిందట. అందులో పనిచేసిన పేదలకు తిండి దొరికిందట. "అది ముందు అన్నం పెట్టింది, తర్వాతే చర్చి అయింది" అన్నారు.

మాట బాగానే ఉంది. కానీ ఆ ఏడాదంతా చీకటితో లేచి స్నానం చేసింది అక్క. ఒక్కసారీ ఎవరినీ ఏమీ అనలేదు.

మరుసటి ఎండాకాలం మేమే చెరువు మట్టితో ఇటుకలు కోసి, నాన్నతో కలిసి బాత్‌రూం కట్టాం. గోడ కొంచెం వంకర. అయినా ఇప్పటికీ నిలిచే ఉంది.

ఈ హాస్టల్లో పొద్దున్నే నల్లాల దగ్గర తోసుకుంటుంటే మాకు అక్క గుర్తొస్తుంది. బకెట్ పక్కన పెట్టి, చిన్న తమ్ముళ్లను ముందు పంపిస్తాం.