ఒకటో తేదీ డబ్బు

నెలకు 6,000 పింఛన్ అంటే ఏడాదికి 72,000. ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో డబ్బు వేసి అంత రాబట్టాలంటే పది లక్షలకు పైనే ఉండాలి. జమ్మలమడుగులో మిషను కుట్టుకునే మా తమ్ముడికి పది లక్షలు యాడివి? చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. వాడికున్న ఆస్తల్లా వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్టే. 2025 ఆగస్టులో ఆ ఆస్తి చెల్లదని నోటీసు వచ్చింది. నేను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో లెక్కలు రాస్తాను కాబట్టి, ఇంట్లో డబ్బు సంగతి ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది.

దివ్యాంగుల పింఛన్ 2024 జులైలో 3,000 నుంచి 6,000 అయింది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. దొంగ సర్టిఫికెట్ల మాట ఎప్పటినుంచో ఉన్నదే. దాంతో 2025లో ప్రభుత్వం మళ్లీ పరీక్షలు చేయించి, వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలినవారికి నోటీసులిచ్చింది. ఏరివేత తప్పని నేననను. కాళ్లూ చేతులూ బాగున్నవాడు పింఛన్ తీసుకోవడం మా వీధిలో నేనూ చూశాను. కానీ వాడికీ మా తమ్ముడికీ ఒకే నోటీసు, ఒకే వరస. దొంగకు ఎదురుచూడటం వల్ల పోయేదేమీ లేదు. నిజంగా కుంటేవాడు మాత్రం మిషను కట్టేసి పోవాలి, ఆ పూట కూలి వదులుకోవాలి.

పల్లెల్లో ఎంపీడీవోకు, పట్నంలో మునిసిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకోమన్నారు. పెట్టాం. నోటీసుల మీద గొడవలు జరిగాక, అప్పీలు తేలేదాకా పింఛన్ ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. "ఇంకేందన్నా, డబ్బు వస్తాంది గదా" అన్నాడు తమ్ముడు. వస్తోంది, నిజమే. అయితే ఏ నెల ఆగుతుందో తెలియని డబ్బును సంపాదనలో కలపకూడదు, అప్పులో కలపకూడదు. దానికి వేరే పద్దు ఉండాలి. అందుకని వాడి పేరునే ఇంకో పొదుపు ఖాతా తెరిపించి, ఒకటో తేదీ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇచ్చే 6,000లో 4,000 అందులో వేయించడం మొదలుపెట్టాను. అంటే పింఛన్ సగానికి పైగా అప్పుడే ఆగిపోయినట్టు బతకడం. కుట్టుకూలి మీదా మిగిలిన రెండు వేల మీదా ఇల్లు నడవాలి.

మొదటి నెల ఇంట్లో రుసరుసలాడారు. పింఛన్ రెట్టింపైన కొత్తలో మా మరదలు నెలకు రెండు వేల చీటీ ఒకటి కట్టడం మొదలుపెట్టింది. అదింకా పాడలేదు. మధ్యలో మానేస్తే కట్టిందాంట్లో కోత పడుతుంది. అందుకని చీటీలో సగం మా అక్క పేరుకు మార్చాం. మందులు, కరెంటు బిల్లు, పిల్ల ఫీజు జోలికి పోలేదు. పండక్కి కొత్త టీవీ అనుకున్నది మాత్రం ఆగిపోయింది. ఖాతాలో వేసిన డబ్బు రెండు విధాలా పనికొస్తుంది. అప్పీలు పోతే ఇంకో ఆదాయం చూసుకునేదాకా కొన్ని నెలలు లాగవచ్చు. గెలిస్తే మిషనుకు మోటారు కొనుక్కోవచ్చు.

పులివెందులలో మా చిన్నమ్మ కొడుకుది వేరే కథ. చీనీకాయల లోడ్లకు ఆటో తోలేవాడు, యాక్సిడెంటులో మోకాలు పోయింది. సర్టిఫికెట్టే ఇంకా చేతికి రాలేదు, సదరం పరీక్షకు స్లాటు కోసం చూస్తున్నాడు. పింఛన్ వస్తుంది గదా, అప్పుడు తీరుస్తానని నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తీసుకోబోయాడు. లెక్క కట్టి చూపించాను. ఏడాదికి వడ్డీ 21,600. ఇంట్లో ఉన్న గాజులు బ్యాంకులో కుదువ పెడితే తొమ్మిది శాతం చొప్పున 5,400. తేడా 16,200, అంటే ఇంకా రాని పింఛన్‌లో రెండున్నర నెలల పైచిలుకు. మా చిన్నమ్మకు బంగారం కుదువ పెట్టడమంటే పరువు తక్కువ. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయడానికి లేని పరువు దీనికెందుకో నాకు అర్థం కాదు. చివరికి ఒప్పుకుంది. అవసరమైనంతే తెచ్చాం, ఎక్కువిస్తామన్నా తీసుకోలేదు. ఏడాది తిరిగేలోపు వడ్డీ కట్టి తిరగరాయించాలని గోడ మీది క్యాలెండరులో రాసి పెట్టాను.

ఎదురుచూసే కాలంలో చేయాల్సిన పని ఇంకోటుంది, అదీ డబ్బు పనే. తమ్ముడికి చెవులు కూడా సరిగా వినబడవు. పాత సర్టిఫికెట్లో కాలొక్కటే రాశారు. రెండు వైకల్యాలుంటే శాతాలను ఊరికే కూడరు, దానికొక సూత్రం ఉంది. ఒకటి 30, ఇంకోటి 20 అయితే 50 కాదు, దాదాపు 43 వస్తుంది. కాలికి 30 వచ్చి నిలిచిపోయినవాడు చెవితో 40 దాటగలడన్న మాట. చెవి డాక్టరుకు చూపించి ఆడియోగ్రామ్ తీయించాం. దానికైన ఖర్చుకు నేను వెనకాడలేదు, ఏడాదికి 72,000 పణంగా ఉంది గదా. ఆస్పత్రికి వాడికి తోడుగా అమ్మ పోతోంది, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి ఆ టికెట్టు మిగిలింది.

దళారి ఒకడు వచ్చాడు. ఇరవై వేలిస్తే శాతం తెప్పిస్తానన్నాడు. నాలుగు నెలలు గడవకముందే తిరిగొస్తాయని వాడే లెక్క కూడా చెప్పాడు, నా కంటే చురుగ్గా. కొన్న శాతం మళ్లీ పరీక్ష పెట్టిన నాడు నిలవదు. నిజంగా ఉన్న వైకల్యానికి దొంగ ముద్ర పడుతుంది. పంపించేశాం.

ఇది రాసే నాటికి తమ్ముడి అప్పీలు తేలలేదు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి నోటీసు ఉంటే, ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, ముద్ర ఉన్న రసీదు అడిగి తీసుకోండి. సర్టిఫికెట్టు మీద అప్పీలు హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షనే ఇచ్చింది, ఎవరి దయా కాదు. లాయరు ఫీజుకు భయపడి ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు చోట్లా కోర్టులున్నాయి. అక్కడికి పోయి న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి.